నార్వే తీరంలో ‘పల్లెవెలుగు’ ఓడ: ఒక రాత్రి, ఒక పగలు ఎలా ప్లాన్ చేసుకోవాలి

క్రూజ్ అనగానే పది అంతస్తుల తెల్ల ఓడ, స్విమ్మింగ్ పూల్, రాత్రి డాన్సులు కళ్లముందుకొస్తే కాసేపు పక్కన పెట్టేయండి. నార్వేలో బెర్గెన్ అనే ఊరి నుంచి, రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా రోజుకో ఓడ బయల్దేరుతుంది. (రాసేది కిర్కెనెస్ అనే, అక్కడివాళ్లు మాత్రం దాదాపు ‘షిర్కెనెస్’ అంటారు. అనౌన్స్‌మెంట్‌లో వినబడినప్పుడు కంగారు పడకండి.) దారిలో 34 రేవుల్లో ఆగుతుంది. కొన్నిచోట్ల మూడు గంటలు, కొన్నిచోట్ల పావుగంట. ఒక్కోచోట ఇద్దరు మనుషులు దిగుతారు, నాలుగు సరుకు మూటలు దిగుతాయి, అంతే, మళ్లీ తాడు విప్పేస్తారు.

మా నాన్న ఆర్టీసీ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఓడ పక్కనున్న పెద్ద తలుపు తెరుచుకుని, ఫోర్క్‌లిఫ్ట్ బండి లోపలికీ బయటికీ తిరగడం చూసి, “ఒరేయ్, ఇది పల్లెవెలుగు బస్సురా. పైన జనం, లోపల పార్సిళ్లు” అన్నారు. ఆ మాటతోనే ఈ ట్రిప్పు మొత్తం అర్థమైపోయింది. బస్సుని ఎలా వాడుకుంటామో దీన్నీ అలాగే వాడుకోవాలి. చివరి స్టాపు దాకా వెళ్లాలని రూలేమీ లేదు. మనకు కావలసిన ముక్క చూసుకుని, టైమ్ చూసుకుని ఎక్కితే చాలు. మొత్తం రానూపోనూ తిరిగితే 11 రాత్రులు పడుతుంది, లక్షలు పోస్తేగానీ కుదరదు. ఒక్క రాత్రికైతే మామూలు హోటల్, రైలు టికెట్ కలిపినంతలో ఎక్కొచ్చు.

నేను చెప్పబోయేది ఒకే ఒక్క ముక్క గురించి: ఉత్తర నార్వేలోని ట్రోమ్‌సో అనే ఊళ్లో అర్ధరాత్రి ఎక్కి, మర్నాడు సాయంత్రం లోఫోటెన్ దీవుల్లోని స్వోల్వేర్‌లో దిగడం. మిగతా దారికీ ఇదే లెక్క పనికొస్తుంది.

ముందు ఓడ సంగతి

ఈ సర్వీసు 1893 జులై 2న మొదలైంది. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ ‘వెస్టెరోలెన్’ అనే ఆవిరి ఓడను ట్రోన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి నడిపాడు. అప్పటికి ఆ ఉత్తర తీరానికి సరైన మ్యాపులు లేవు, లైట్‌హౌసులు చాలా తక్కువ. చీకట్లో, మంచులో ఆ రాళ్ల మధ్య ఓడ నడపడం పిచ్చిపని అని మిగతా కంపెనీలు వెనక్కి తగ్గాయి. విత్ మాత్రం దిక్సూచీ, గడియారం, తను రాసి పెట్టుకున్న లెక్కలు నమ్ముకుని ఒప్పుకున్నాడు. చలికాలంలో ఒక ఉత్తరం ఉత్తరాది ఊళ్లకు చేరడానికి నెలలు పట్టే రోజుల్లో అది వారంలోపు చేరడం మొదలైంది. దీన్ని నార్వేవాళ్లు హుర్టిగ్రూటెన్ అన్నారు. వేగంగా వెళ్లే దారి అని అర్థం. ఇప్పుడు గంటకు 28 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుందనుకోండి, పేరు మాత్రం అదే.

ఇవాళ ఈ రూటులో రెండు కంపెనీలు తిరుగుతాయి. హుర్టిగ్రూటెన్‌వి ఏడు ఓడలు, 2021 నుంచి వచ్చిన హావిలావి నాలుగు. టైమ్‌టేబుల్ ఒక్కటే, రోజు మారితే కంపెనీ మారుతుంది. కాబట్టి మీరు వెళ్లే తేదీన ఏ కంపెనీ ఓడ వస్తుందో ముందే చూసుకోవాలి. ఒకరి సైట్‌లో ఆ రోజు ఓడే లేదని చూపిస్తే సర్వీసు రద్దయిందని అనుకోకండి, రెండోవాళ్ల సైట్ చూడండి. ప్రభుత్వం డబ్బిచ్చి నడిపించే సర్వీసు కాబట్టే, చలికాలంలో జనం లేకపోయినా చిన్న చిన్న రేవుల్లో కూడా ఆగుతుంది.

హుర్టిగ్రూటెన్ ఓడల్లో ఎక్కువభాగం 1990లలో కట్టినవి, పొడవు 120 మీటర్ల పైచిలుకు. చెక్క రెయిలింగులు, ఇత్తడి మెరుగులు, కాస్త పాతకాలపు వాసన. హావిలావి కొత్తవి, గ్యాసుతోనూ బ్యాటరీలతోనూ నడుస్తాయి, చప్పుడు తక్కువ. నన్నడిగితే మొదటిసారికి పాత ఓడే ఎక్కమంటాను. ఇంజను వణుకు మంచం కిందనుంచి తెలుస్తుంటే ప్రయాణం చేస్తున్నట్టుంటుంది. నిద్ర తేలికగా చెదిరేవాళ్లు ఇంట్లో ఉంటే హావిలా.

ఏ ముక్క ఎక్కాలో టైమ్‌టేబుల్ చెబుతుంది

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రోషర్‌లో ఫొటోలు చూసి రూటు ఎంచుకుంటారు. ఆ ఫొటోలో ఉన్న చోటుకి మీ ఓడ రాత్రి పన్నెండింటికి చేరుతుందేమో ఎవరూ చూసుకోరు.

ఉత్తరానికి వెళ్లే ఓడ, దక్షిణానికి వచ్చే ఓడ అవే రేవుల్లో ఆగినా వేళలు వేరు. ఒకటి రాత్రి దాటిన చోటుని రెండోది పగలు దాటేలా వేశారు. ఉదాహరణకి లోఫోటెన్ దగ్గర రాఫ్ట్‌సుండ్ అనే ఇరుకు జలసంధి ఉంది. రెండువైపులా వెయ్యి మీటర్ల కొండలు నీళ్లలోంచి నిటారుగా లేస్తాయి. ఉత్తరానికి వెళ్లే ఓడ అక్కడికి చేరేసరికి రాత్రి పదీ పదకొండు అవుతుంది. మండువేసవిలో అర్ధరాత్రి కూడా వెలుతురే కాబట్టి ఫర్వాలేదు. మిగతా నెలల్లో కనిపించేది మీ మొహమే, కిటికీ అద్దంలో.

దక్షిణానికి వచ్చే ఓడ లెక్క చూడండి. సుమారుగా ఇలా ఉంటుంది: ట్రోమ్‌సోకి రాత్రి పదకొండుమ్ముప్పావుకి వచ్చి, ఒంటిగంటన్నరకి కదులుతుంది. హార్‌స్టాడ్‌లో పొద్దున్న ఎనిమిది. సోర్ట్‌లాండ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. స్టోక్‌మార్క్‌నెస్‌లో రెండుంబావు నుంచి మూడుంబావు దాకా. ఆ తర్వాత రాఫ్ట్‌సుండ్. ఆరున్నరకి స్వోల్వేర్. మనం నిద్రపోయే వేళకి చూడ్డానికి పెద్దగా ఏమీ లేని దారి, లేచాక పన్నెండు గంటలూ వరసగా బొమ్మలు. ఒక్క రాత్రి కేబిన్ అద్దెతో ఇంతకన్నా మంచి ముక్క ఈ తీరంలో లేదని నా అభిప్రాయం. (వేళలు సీజన్‌ని బట్టి మారతాయి, బుక్ చేసేముందు కంపెనీ సైట్‌లో మీ తేదీకి సరిచూసుకోండి.)

మీకు అటువైపు వెళ్లడం కుదరకపోతే ఇంకో రెండు దారులు. ట్రోన్‌హైమ్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున్నే ఆర్కిటిక్ వృత్తం దాటి, మధ్యాహ్నానికి బోడో చేరతారు. ఉత్తరధ్రువ వలయం దాటామని డెక్ మీద జనం మెడలో గరిటెడు ఐసు ముక్కలు వేస్తారు, అదో సరదా. వెనక్కి 729 కిలోమీటర్ల నూర్‌లాండ్ రైలు పట్టుకుంటే పది గంటల్లో మళ్లీ ట్రోన్‌హైమ్. లేదంటే ట్రోమ్‌సో నుంచి కిర్కెనెస్‌కి రెండు రాత్రులు: యూరప్ ఉత్తరపు కొసగా పేరుపడిన నార్త్ కేప్ చూడొచ్చు, సముద్రం మాత్రం గట్టిగా ఊపుతుంది.

ఏ నెలలో

ట్రోమ్‌సోలో నవంబరు నెలాఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే రాడు. మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడే పోడు. ఈ రెంటికీ మధ్య చూసుకోవాలి. వేసవిలో టికెట్టు ధర, జనం రెండూ ఎక్కువ. ఉత్తర ధ్రువకాంతులు (ఆకాశంలో ఆకుపచ్చ తెరలు) చూడాలనుంటే రాత్రి చీకటి కావాలి. రాఫ్ట్‌సుండ్ చూడాలనుంటే సాయంత్రం ఐదున్నరకి వెలుతురు కావాలి. రెండూ కుదిరేది మార్చి రెండో సగంలో, లేదా సెప్టెంబరు రెండో సగంలో. మార్చిలో కొండలన్నీ మంచుతో తెల్లగా ఉంటాయి, అదనంగా లోఫోటెన్‌లో కాడ్ చేపల సీజన్ నడుస్తుంటుంది. మేం మార్చిలో వెళ్లాం. డిసెంబరులో వెళ్లి “ఏమీ కనబడలేదు” అన్న స్నేహితుణ్ణి ఓదార్చిన అనుభవం కూడా ఉంది.

టికెట్టు, కేబిన్

కంపెనీ సైట్ తెరవగానే పెద్ద అక్షరాల్లో 6 రాత్రులు, 11 రాత్రులు, ప్యాకేజీలు కనిపిస్తాయి. వాటిని దాటి ‘పోర్ట్ టు పోర్ట్’ అనే చిన్న లింకు వెతకండి. అదే మనది. ఎక్కే రేవు, దిగే రేవు, తేదీ ఇవ్వాలి. దక్షిణపు ఓడ ట్రోమ్‌సో నుంచి కదిలేది అర్ధరాత్రి దాటాక కాబట్టి తేదీ జాగ్రత్త. శుక్రవారం రాత్రి ఎక్కుతున్నాం అనుకుంటారు, టికెట్టులో ఉండాల్సింది శనివారం తేదీ. మన రైళ్లలో రాత్రి పన్నెండూ పది బండికి ఒక రోజు తర్వాత స్టేషన్‌కి వెళ్లేవాళ్ల బాధే ఇది. టైము పక్కనే తేదీని రెండుసార్లు చదవండి.

పగటి ప్రయాణానికి కేబిన్ అక్కర్లేదు, లాంజిలో కూర్చుని పోవచ్చు. రాత్రికి మాత్రం తీసుకోండి, పెద్దవాళ్లు ఉంటే మరీను.

కేబిన్ ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు. ఒకటి, కిటికీ లేని లోపలి గది చవక. మీరు అందులో ఉండేది నిద్రపోయేటప్పుడే కాబట్టి ఒక్క రాత్రికి అది చాలు. రెండు, ‘పరిమిత దృశ్యం’ అని రాసి ఉంటే కిటికీ ఎదురుగా నారింజరంగు లైఫ్‌బోటు వేలాడుతుంటుందని అర్థం. కాస్త వెలుతురు వస్తుంది, సముద్రం రాదు. మూడోది ఎవరూ చెప్పరు: అడుగు డెక్కులో ముందు భాగంలో గది తీసుకోకండి. ఓడ రేవుకి వచ్చినప్పుడల్లా పక్కకి జరగడానికి ముందువైపున్న థ్రస్టర్లు అనే పంకాలు తిప్పుతారు. తలకింద ఎవరో రోట్లో రాళ్లు దంచుతున్నట్టుంటుంది. ఇది రాత్రిపూట కూడా రేవుల్లో ఆగుతుంది కదా. మధ్య భాగంలో గది అయితే ఆ చప్పుడూ తక్కువ, ఊపూ తక్కువ.

దిగే రోజు పొద్దున్న పదింటికల్లా కేబిన్ ఖాళీ చేయమనడం మామూలు. సామాను పెట్టుకోవడానికి వేరే గది చూపిస్తారు. పాస్‌పోర్టు, మందులు, మంకీ క్యాప్ మాత్రం చేతి సంచిలో ఉంచుకోండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకి

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఉంది. అంటే షెంగెన్ వీసా చాలు. ట్రిప్పులో ఎక్కువ రోజులు నార్వేలోనే అయితే నార్వే తరఫునే అప్లై చేయాలి. పెద్దవాళ్లకి వీసా ఫీజు 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఓడ టికెట్టుని ప్రయాణ పత్రాల్లో పెట్టొచ్చు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రకం తీసుకుంటే వీసా వచ్చేదాకా టెన్షన్ ఉండదు. స్వీడన్, జర్మనీల్లో ఉద్యోగాలు చేస్తూ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనవాళ్లకి ఈ గొడవే లేదు, కార్డు పట్టుకుని వచ్చేయడమే.

ఓస్లో నుంచి ట్రోమ్‌సోకి విమానంలో రెండు గంటలు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి బస్సులో పావుగంట. ఓడ ఆగే ప్రోస్ట్‌నెసెట్ రేవు ఊరి నడిబొడ్డునే ఉంటుంది. ఓడ ఎక్కే రోజునే విమానం దిగేలా పెట్టుకోకండి. మార్చిలో మంచు తుఫానొస్తే విమానాలు ఆగుతాయి, ఓడ మాత్రం మన కోసం ఆగదు. ఒక రోజు ముందే చేరండి.

తినుబండారాల సంగతి: యూరప్ బయటినుంచి పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తేనివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా, కోడి పచ్చడి వద్దు. ఆవకాయ, పొడులు, జంతికలు హాయిగా తెచ్చుకోవచ్చు. ఆవకాయని రెండు జిప్ కవర్లలో పెట్టండి. దేనికో నేను వేరే చెప్పక్కర్లేదు.

బట్టలు

సున్నాకి కాస్త అటూ ఇటూ ఉండే చలి పెద్ద భయపెట్టదు, గాలి భయపెడుతుంది. గాలి లేని రోజున కూడా ఓడ నడక వల్లే ఎదురుగాలి కొడుతుంది. ఒంటికి అంటుకుని ఉన్ని లోపలి చొక్కా, దానిమీద స్వెట్టరు, పైన గాలి, నీరు లోపలికి రానివ్వని జాకెట్టు. లోపల కాటన్ బనియను వద్దు, చెమటతో తడిస్తే మంచు గడ్డలా అంటుకుంటుంది. బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు ట్రోమ్‌సో షాపుల్లో దొరుకుతాయి. అనవసర ఖర్చు అనుకోకుండా కొనండి. రేవుల్లో నేల అద్దంలా ఉంటుంది.

ఎక్కే రాత్రి

పదకొండున్నరకి రేవు దగ్గరి వెయిటింగ్ హాల్లో ఉండండి. ఓడ రాకముందే దాని దీపాలు కనిపిస్తాయి. అటువైపు వంతెన, దాని చివర 1965లో కట్టిన ఆర్కిటిక్ కెథెడ్రల్ తెల్లగా త్రికోణాల్లో వెలుగుతుంటుంది. ఓడ వచ్చి తాళ్లు కట్టాక ముందు దిగేవాళ్లని దిగనివ్వాలి. తర్వాత నిచ్చెన ఎక్కి రిసెప్షన్‌లో పాస్‌పోర్టు చూపిస్తే కేబిన్ కార్డు ఇస్తారు. ఆ కార్డే తాళం. ఓడ దిగినా ఎక్కినా గేటు దగ్గర దాన్ని మిషన్‌కి చూపించాలి, ‘టింగ్’ మంటుంది. ఎవరు బయట ఉన్నారో ఓడకి తెలిసేది దానితోనే.

రిసెప్షన్‌లోనే రెండు మాటలు అడిగేయండి. రేపు ఏ రేవులో ఎంతసేపు ఆగుతారు? ధ్రువకాంతులు కనిపిస్తే గదిలోకి అనౌన్స్‌మెంట్ వచ్చేలా ఎలా పెట్టుకోవాలి? రెండోది అడగకపోతే తెల్లారి భోజనాల బల్ల దగ్గర పక్కవాళ్ల ఫోనుల్లో చూడాల్సి వస్తుంది.

కాంతులు వస్తే లైట్లు తక్కువున్న వెనక డెక్‌కి వెళ్లండి. ఓడ కదులుతూ ఉంటుంది కాబట్టి కెమెరాని స్టాండ్ మీద పెట్టినా లాభం లేదు. ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు దాటితే గీతలే వస్తాయి. ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి, మోచేతులు రెయిలింగుకి ఆనించి తీయండి. రెండు ఫొటోలు తీశాక ఫోను జేబులో పెట్టి పైకి చూడండి. ఫోన్ తెర మీద ఎక్కువ ఆకుపచ్చగా కనబడుతుంది కానీ ఆ కదలిక కంటికే కనబడుతుంది.

తిండి

ముక్క టికెట్టులో భోజనం ఉండదు, విడిగా కొనాలి. పొద్దుటి టిఫిన్ మాత్రం టికెట్టుతోపాటే కొనేయండి. బ్రెడ్లు, గుడ్లు, పండ్లు, చేపలు, గోధుమరంగు తీపి చీజ్, అన్నీ ఉంటాయి, మధ్యాహ్నం దాకా లాగించొచ్చు. ఆ గోధుమరంగు చీజ్ మనకి పాలకోవాలో ఉప్పు కలిసినట్టుంటుంది. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఇంకో రెండు తెచ్చుకున్నారు.

శాకాహారులు బుక్ చేసేటప్పుడే రాయాలి. “వెజిటేరియన్” అని ఊరుకోకుండా “చేప కూడా తినను” అని వేరే చెప్పండి. చేపని మాంసం లెక్కలో వేయనివాళ్లు అక్కడా కొందరున్నారు. కేఫ్‌లో కాఫీ మన డబ్బుల్లో మూడు నాలుగు వందలు. ట్రోమ్‌సో సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు, అరటిపళ్లు, పెరుగు కొనుక్కుని రావడంలో నామోషీ ఏమీ లేదు, అక్కడివాళ్లూ లాంజిలో డబ్బాలు తెరుస్తారు. సొంత కెటిల్, రైస్ కుక్కర్ మాత్రం కేబిన్‌లో పెట్టకండి. ఓడలో నిప్పు అంటే వాళ్లకి ప్రాణభయం.

ఆ పగలంతా ఎలా గడపాలి

ఏడింటికల్లా లేవండి. హార్‌స్టాడ్‌కి చేరేముందు ఒడ్డున ట్రోన్‌డెనెస్ చర్చి కనిపిస్తుంది, మధ్యయుగాల నాటి రాతి కట్టడం. తర్వాత రిసోయ్‌హామ్న్ దగ్గర ఓడ నడక మందగిస్తుంది. అక్కడ సముద్రం ఎంత లోతు తక్కువంటే, అడుగు తవ్వి కాలువ చేస్తేగానీ ఓడలు పోలేకపోయేవి. 1922లో ఆ కాలువ తెరిచారు. రెండువైపులా గుర్తు స్తంభాలు, మధ్యలోంచి ఓడ సూదిలో దారంలా వెళ్తుంది. ముదురు నీలంగా ఉన్న నీళ్లు ఇక్కడ లేత పచ్చగా మారతాయి. చాలామంది ఈ టైముకి టిఫిన్ దగ్గర ఉండి దీన్ని చూడరు.

చాలా ఓడల్లో పైన ముందువైపు గాజు లాంజి ఉంటుంది. అందరూ అక్కడ చేరతారు. మీరు కాసేపు అక్కడ కూర్చోండి కానీ, రేవు వస్తోందనగానే కిందికి, చుట్టూ నడవగలిగే బయటి డెక్‌కి దిగండి. చూడాల్సింది అక్కడుంది. సోర్ట్‌లాండ్‌లో మేం చూసింది చెబుతాను. ఊళ్లో చాలా ఇళ్లకి నీలంరంగు వేసి ఉంటుంది. రేవు మీద ఒక్కడంటే ఒక్కడే మనిషి, పసుపురంగు జాకెట్టు. ఓడ మీదినుంచి సన్నటి తాడు విసిరారు, దాని చివర బంతిలాంటి ముడి. అతను దాన్ని పట్టి లాగితే దాని వెనక చేయంత లావు తాడు నీళ్లలోంచి కారుతూ వచ్చింది. గుంజకి తగిలించి, చేయి ఊపాడు. పక్క తలుపు తెరుచుకుంది. మొదట చుట్టిన కార్పెట్లు, తర్వాత ప్లాస్టిక్ చుట్టిన పూలకుండీలు, ఒక వాషింగ్ మెషీను, టైర్లు. లోపలికి తెల్ల పెట్టెల్లో చేపలు. పూలకుండీలున్న పలక కాస్త ఒరిగితే ఫోర్క్‌లిఫ్ట్ అబ్బాయి బండి ఆపి, దిగి, ఒక్కో కుండీ సరిచేసి మళ్లీ ఎక్కాడు. నాన్న గడియారం చూసి, “పదిహేడు నిమిషాలు. మా డిపోలో హమాలీలు ఇద్దరుంటే ఇంతే పట్టేది” అన్నారు. కొండల గురించి ఆయన ఆ రోజంతా పెద్దగా ఏమీ అనలేదు.

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడలో వెళ్లినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకి ఈ తాళ్లు, సరుకు చప్పుళ్లు కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ ఎక్కాక రెండు మూడు రోజులు నీళ్లే. ఇక్కడ ఒడ్డు కనుమరుగు కావడమే అరుదు.

రేవులో దిగేటప్పుడు

స్టోక్‌మార్క్‌నెస్‌లో గంటసేపు ఆగుతుంది. రిచర్డ్ విత్ కంపెనీ పుట్టిన ఊరు ఇదే. రేవుకి పక్కనే మ్యూజియం. 1956లో కట్టిన ‘ఫిన్‌మార్కెన్’ అనే ఓడని ఒడ్డుకి ఎక్కించి, మొత్తం ఓడ చుట్టూ గాజు భవనం కట్టేశారు. లోపలికి వెళ్లి పాత ఓడ డెక్ మీద నిలబడి, గాజులోంచి మీరు వచ్చిన ఓడని చూడొచ్చు.

మాకు అక్కడే దాదాపు ఓడ తప్పిపోయింది. మా ఓడ ఆ రోజు ఇరవై నిమిషాలు లేటుగా వచ్చింది. లేటుగా వస్తే బయల్దేరడం కూడా లేటవుతుందని మన బస్టాండు అలవాటుతో అనుకున్నాం. కాలేదు. ఆగే సమయాన్ని కోసేశారు. కొత్త టైము దిగే గేటు పక్కన బోర్డు మీద రాసే ఉంది, మేమే చూడలేదు. హారన్ వినబడేసరికి నాన్న పాత ఓడ వంటగదిలో ఇత్తడి గిన్నెలు లెక్కపెడుతున్నారు. ఆ మంచు మీద అరవై ఎనిమిదేళ్ల మనిషిని పరిగెత్తించిన పాపం నాదే. గేటు దగ్గరున్న అమ్మాయి మా కార్డులు టింగ్‌మనిపించి, నవ్వి, వెంటనే నిచ్చెన లాగేసింది.

కాబట్టి దిగే ప్రతిసారీ బోర్డు మీది టైము ఫోన్‌తో ఫొటో తీయండి. దానికి పదిహేను నిమిషాల ముందు ఓడలో ఉండండి. పావుగంట ఆగే రేవుల్లో అసలు దిగకండి.

రాఫ్ట్‌సుండ్

స్టోక్‌మార్క్‌నెస్ దాటాక వేరే పని పెట్టుకోకండి. కాఫీ ముందే తాగేసి, అన్ని బట్టలూ వేసుకుని ముందు డెక్ మీద చోటు పట్టుకోండి. వంతెన కిందినుంచి వెళ్లేటప్పుడు పొగగొట్టం తగులుతుందేమో అనిపిస్తుంది, తగలదు. దారి సన్నబడుతూ వస్తుంది. కొండ మీది మంచులో గీసిన గీతల్లాంటి నక్క జాడలు కూడా కనిపించేంత దగ్గరగా వెళ్తుంది ఓడ. తెల్లతోక సముద్రపు గద్దలు ఉండే చోటు ఇది. అడ్డంగా తలుపు పలకల్లా పరచిన రెక్కలు కనిపిస్తే అదే.

చివర్లో కుడివైపు కొండల్లో ఒక చీలిక వస్తుంది. అదే ట్రోల్‌ఫ్యోర్డ్, నోటి దగ్గర వెడల్పు వంద మీటర్లే. వాతావరణం కుదిరితే వేసవిలో ఓడ అందులోకి దూరి, ఉన్నచోటనే గిరుక్కున తిరిగి వస్తుంది. చలికాలంలో కొండచరియలు, మంచు పెళ్లలు విరిగిపడే భయం వల్ల బయటే ఉంటుంది. “లోపలికి తీసుకెళ్తామన్నారుగా” అని రిసెప్షన్‌లో గొడవ పడకండి, అది కెప్టెన్ ఇష్టం.

కడుపులో తిప్పితే

ఈ ముక్కలో ఓడ ఎక్కువగా దీవుల చాటునే పోతుంది, అందుకే పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే చెబుతాను. గాలి రోజున మాత్రం ఊగుతుంది. బస్సు ఘాట్‌రోడ్డు ఎక్కితే తిప్పేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, మాత్ర ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా పని చేయదు. మనకి అలవాటైన అవోమిన్ నిద్ర తెప్పిస్తుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి. మాత్ర లేకపోతే మధ్య డెక్‌లో నిలబడి దూరంగా కదలని కొండని చూడండి. కేబిన్‌లోకి వెళ్లి పడుకుని ఫోన్ చూస్తే ఇంక అంతే.

స్వోల్వేర్‌లో దిగాక

రేవు ఊరి మధ్యలోనే. హోటల్ నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. మార్చిలో ఊరి చుట్టూ పెద్ద పెద్ద చెక్క పందిళ్లు, వాటిమీద జంటలుగా తోకలు కట్టి వేలాడేసిన కాడ్ చేపలు కనబడతాయి. భీమిలి ఒడ్డున ఎండుచేపలకి ఉప్పు పట్టిస్తారు కదా, వీళ్లు ఉప్పు వేయరు. చలిగాలికే నెలల తరబడి కర్రలా ఎండుతుంది. చేప ఇటలీకి, తలలు విడిగా నైజీరియాకి పోతాయి. వాసన మాత్రం మన ఎండుచేపల బజారే.

తిరిగి వెళ్లడానికి దారులు చాలా. బోడోకి మూడున్నర గంటల్లో వెళ్లే వేగపు పడవ ఉంది, చిన్న విమానాలూ ఉన్నాయి. బస్సులో నార్విక్ వెళ్తే అక్కడినుంచి స్టాక్‌హోమ్‌కి రాత్రి రైలు. స్వీడన్‌లో ఉండే మనవాళ్లకి ఇదే బాగుంటుంది. మీరు దిగిన ఓడ సుమారు ఎనిమిదిన్నర దాకా రేవులోనే ఉంటుంది. ఎక్కేముందు వాళ్లతోనే మాట్లాడి బోడో దాకా టికెట్టు తీసుకుంటే దానిలోనే కొనసాగొచ్చు కానీ, బోడోకి చేరేది తెల్లవారుజాము రెండూ మూడూ గంటలకి. అంతరాత్రి ముసలివాళ్లతో దిగి ఎక్కడికి పోతారు?

చివరగా ఒకటి. నార్వేలో ఆదివారం చాలా సరుకుల షాపులు మూసేస్తారు. శనివారం అర్ధరాత్రి దాటాక ఎక్కి ఆదివారం సాయంత్రం దిగేలా ప్లాన్ వేస్తే, సోమవారం పొద్దుటి టిఫిన్‌కి కావలసిన బ్రెడ్డూ గుడ్లూ ట్రోమ్‌సోలోనే కొని సంచిలో పెట్టుకోండి. గుడ్లు ఉడకబెట్టినవైతే మరీ మంచిది.